ఐదోవాడు

"నువ్వు లేవు," అన్నాడు ప్లీడరు.

గుంజకి అర్థం కాలేదు. కోర్టు వెనక చిన్న గదిలో, బల్ల చుట్టూ ఐదుగురు ముద్దాయిలు కూర్చుని ఉన్నారు. అందులో వాడొకడు. తలుపు అవతల కాపలా పోలీసు కూడా లోపలికి పంపేటప్పుడు తలలు లెక్కపెట్టే పంపాడు.

"ఉన్నాను కదండీ సార్, వీధి చివర. ఎవరైనా వస్తే ఈల వెయ్యమని పెద్దన్న నిలబెట్టాడు."

"మెల్లిగా మాట్లాడు! అదే వద్దంటున్నాను." ప్లీడరు ఐదు వేళ్ళూ చాపి చూపించాడు. "బట్టల గోడౌన్‌లోంచి మూటలు ఎవరికీ తెలియకుండా ఎత్తుకొస్తే అది దొంగతనం. కాపలావాడికి కత్తి చూపించి ఎత్తుకొచ్చారు కాబట్టి దోపిడీ. అదే పని ఐదుగురు కలిసి చేస్తే దాని పేరు బందిపోటు దోపిడీ. బయట నిలబడి ఈల వేసేవాడు కూడా లెక్కలోకి వస్తాడు. ఉత్త దోపిడీ అయితే కొన్నేళ్ళలో బయటపడతారు. బందిపోటు దోపిడీ అయితే అందరికీ యావజ్జీవం పడినా పడుతుంది."

అని బొటనవేలు మడిచేశాడు.

"కాపలావాడు చూసింది నలుగుర్నే. కాబట్టి వెళ్ళింది నలుగురే అని వీళ్ళు ఒప్పుకుంటారు. నువ్వెవరో వీళ్ళకి తెలీదు, వీళ్ళెవరో నీకు తెలీదు. నోరు మూసుకుని నిలబడ్డావంటే ఇవాళే ఇంటికెళ్ళిపోతావు."

"అదృష్టమంటే నీదేరా గుంజా!" అని పక్కనే కూర్చున్న ముఠా డ్రైవరు వాడి వీపు మీద చరిచాడు. నిలబెట్టిన చోటునుంచి కదలడని ఆ పేరు పెట్టింది కూడా డ్రైవరే. అంతకుముందు వాణ్ణి పిలవాల్సిన పని ఎవరికీ పడలేదు.

"మరి మిమ్మల్ని చూడ్డానికి జైలుకి రావచ్చా అన్నా?"

ముఠా నాయకుడు పెద్దన్న, ప్లీడరు మొహం చూశాడు.

"పిచ్చా నీకు?" అన్నాడు ప్లీడరు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎవడైనా చూడ్డానికి వెళ్తాడా? ఆ ఛాయలకి కూడా పోకు. వీళ్ళు బయటికొచ్చాక కూడా దూరంగానే ఉండు."

"రావద్దురా," అన్నాడు పెద్దన్న. "మా మేలు కోరేవాడివైతే రాకు."

గుంజ తలూపాడు. ఊపాడే గానీ, ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో వాడికి కదా తెలిసేది! షట్టర్లు బాగుచేసే కొట్టు మీద ఒక గది, అందులో ఒక మంచం, ఒక స్టవ్వు. పొద్దున తను వేసిన తాళం సాయంత్రం తనే తియ్యాలి. ఒంట్లో బాగాలేక పడుకుంటే "ఎలా ఉంది?" అని తనే అడగాలి, తనే చెప్పుకోవాలి. కేసు నడిచినన్నాళ్ళూ ఉంచిన జైల్లో అలా కాదు. ఐదుగురికీ ఒకటే గది. పెద్దన్న గురక, డ్రైవరు పాటలు, మిగతా ఇద్దరూ బావా బామ్మర్దులు కాబట్టి దుప్పటి కోసం వాళ్ళ తగువు. తింటుంటే "ఇంకాస్త పెట్టుకోరా" అనేవాళ్ళు. జైలు కూడు తిని మిగతా నలుగురూ చిక్కి సగమయ్యారు గానీ, గుంజ మాత్రం కాస్త ఒళ్ళు చేశాడు.

కోర్టు హాల్లో ఐదుగుర్నీ బోనులో వరసగా నిలబెట్టారు. జడ్జిగారు గుంజని చూపించి, "ఇతను మీతో వచ్చాడా?" అని అడిగారు.

"ఈయనెవరో జైలుకొచ్చేదాకా మాకు తెలీదండీ," అన్నాడు పెద్దన్న.

"తెలీదండీ. జైల్లో కూడా పెద్దగా మాటల్లేవు," అన్నాడు డ్రైవరు.

"నాకూ తెలీదండీ," అన్నాడు బావ. బావ అన్నదే బామ్మర్దీ అన్నాడు.

అబద్ధమని గుంజకి తెలుసు. అందరి మంచికే చెబుతున్నారనీ తెలుసు. అయినా నలుగురూ తడుముకోకుండా అలా అనేసరికి వాడి ప్రాణం ఉసూరుమంది. ఒక్కడైనా తనవైపు తిరిగి కన్ను గీటుతాడేమోనని చూశాడు. నలుగురి కళ్ళూ వెనక బెంచీల మీదే ఉన్నాయి. అక్కడ పెద్దన్న భార్య ఉంది. డ్రైవరు తల్లి ఉంది. బావకి భార్యా బామ్మర్దికి అక్కా అయిన ఒకావిడ, ఇద్దరికీ కలిపి తనొక్కతే ఏడుస్తోంది. గుంజ కోసం ఏడ్చేవాళ్ళు ఆ బెంచీల మీదే కాదు, ఆ బెంచీలు దాటి ఎంత దూరం వెళ్ళినా లేరు.

"నలుగురే కాబట్టి ఇది బందిపోటు దోపిడీ కిందికి రాదు," అన్నారు జడ్జిగారు. "ఐదో ముద్దాయి మీద సాక్ష్యం లేదు. వదిలేస్తున్నాను."

ప్లీడరు హమ్మయ్య అనుకున్నాడు. పెద్దన్న భార్య కొంగుతో మొహం తుడుచుకుంది.

జడ్జిగారు సంతకం పెట్టబోతూ ఆగి, కళ్ళజోడు పైనుంచి గుంజని చూశారు. రోజూ అడిగే మాటే అయినా, కాస్త దయగానే అడిగారు.

"నిన్ను తీసుకెళ్ళడానికి నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆ మాట వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ప్లీడరు 'లేరని చెప్పు' అన్నట్టు తల అడ్డంగా తిప్పుతున్నాడు. గుంజ అటు చూడలేదు.

"ఉన్నారండీ," అన్నాడు, పెద్దన్న చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఈ నలుగురూ నావాళ్ళే!"