కళ్ళలోకి చూడమ్మా

"నాన్న కళ్ళలోకి చూడమ్మా," అంది టీచరు మైకులో.

వేదిక మీద పదేళ్ళ పాప తలెత్తి తండ్రిని చూసింది. ఆటిజం పిల్లల ప్రత్యేక బడుల టీచర్లతో నిండిన సదస్సు హాలు చప్పట్లతో మోగిపోయింది.

"నిరుడు ఎవరి మొహమూ చూసేది కాదు. చూసినప్పుడల్లా బిస్కెట్టు పెట్టి నేర్పాను," అంటూ టీచరు పాప చేతిలో ఒకటి పెట్టింది.

బతుకుతెరువు కోసం ఎక్కడినుంచో వలసొచ్చిన ఆ తండ్రి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఇది మీరు నేర్పిందా, మేడమ్?"

"అవునండీ. ఏం, ఇంట్లో చూడటం లేదా?"

"ఎందుకు చూడదూ? గుడ్లప్పగించి చూస్తుంది. మావాళ్ళలో పిల్లలు పెద్దల కళ్ళలోకి చూడరండీ. దీనికి ఇంత పొగరెక్కణ్ణుంచి వచ్చిందా అని..." అతను తన కుడిచేతిని చూసుకున్నాడు. "చూసినప్పుడల్లా కొట్టాను."

టీచరు మైకు దించేసింది. "అయ్యో, పాప మాతో ఒక్కసారైనా చెప్పలేదే!" అని, వెంటనే నాలిక్కరుచుకుంది.

"నోట్లో మాటుంటే చెప్పేది కదండీ," అన్నాడు తండ్రి.

టీచరు పాప ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "ఇటు చూడు తల్లీ."

"నన్ను చూడమ్మా," అన్నాడు తండ్రి అటువైపు నుంచి.

పిడికిట్లో బిస్కెట్టు పొడిపొడి అవుతుంటే, పాప రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.