మట్టి చార

"పెద్దాయనా, కొంచెం పక్కకు జరుగుతావా? ఫొటోలో పడుతున్నావు."

ముసలాయన చీపురు ఆపి చెట్టు వెనక్కి వెళ్లాడు.

యుగంధర్‌కు కోదాడలో ఫొటో స్టూడియో ఉంది. పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఏటా ఆ రోజుల్లో అడవులు తిరుగుతాడు. ఈసారి మిర్యాలగూడ దాటి ఈ గుట్టకు వచ్చాడు.

రాలిపోయే ముందు ఆకులన్నీ రంగు మారాయి. చిరుమాను ఎర్రబడింది. టేకు రాగిరంగుకు తిరిగింది.

ఒక్కటే అడ్డం. గుట్ట చుట్టూ బండిబాటంత వెడల్పున ఆకులు ఊడ్చేసిన మట్టి చార.

"ఇదంతా ఎందుకు ఊడుస్తున్నావు?"

"కింది నుంచి నిప్పు వస్తే గీడ ఆగుతది సార్. ఎండాకు లేకుంటే మంట దాటది."

"ఫొటోలో ఈ మట్టి బాగుండదు. కాసిని ఆకులు పరుచుకుంటాను. నేను వెళ్లాక మళ్లీ ఊడ్చుకో."

ముసలాయన గుట్ట కిందికి ఒకసారి చూశాడు.

"జర జల్ది కానియ్యి సార్. గాలి మొదలైంది."

యుగంధర్ ఆకులు పరిచాడు. కావలసిన వెలుగు కోసం పొద్దు వాలేదాకా ఆగాడు. అంతసేపూ ముసలాయన చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

యుగంధర్ గుట్ట దిగుతుంటే వెనక మళ్లీ ఊడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఇంటికొచ్చి చూస్తే, అన్నిటికన్నా మంచి ఫొటోలో ఒక మూల ముసలాయన మోచెయ్యి పడింది. కంప్యూటర్‌లో చెరిపేశాడు.

ఆ ఫొటోకు హైదరాబాద్‌లో మొదటి బహుమతి వచ్చింది. స్టూడియో గోడకు పెద్దది చేసి పెట్టాడు. రోజూ చూస్తుంటే మోచెయ్యి లేని ఆ మూల మీదికే కన్ను పోయేది.

మళ్లీ పుష్యమాసం వచ్చింది. ఈసారి ముసలాయన ఊడుస్తుండగానే ఫొటో తీద్దామని వెళ్లాడు.

గుట్ట నల్లగా ఉంది. అటవీశాఖ బీట్ ఆఫీసర్ సంతోషి కాలిన చెట్ల లెక్క రాసుకుంటూ ఎదురైంది.

"ఎప్పుడు కాలింది మేడమ్?"

"పది రోజులాయె. కింద పొలంల వరికొయ్యలు కాలబెట్టిన్రు. గాలికి పైకొచ్చింది. ఈసారి ఊడ్చేటోళ్లు లేకపాయె."

"మీ కూలీ ఒకాయన ఉండాలిగా? ముసలాయన."

"ఈదయ్యనా? వానకాలంలనే పోయిండు సార్. జ్వరమొచ్చింది."

యుగంధర్ భుజం మీది కెమెరా తీసి సంచిలో పెట్టాడు. ఆమే అంది.

"ఆయన మా కూలీ కాదు. కూలి ఇస్తమన్నా వద్దనేటోడు. ఏటా ఒక్కడే గుట్ట సుట్టూ ఊడ్చేటోడు."

"మరి ఎందుకు చేసేవాడు?"

సంతోషి పుస్తకం మూసింది.

"ముప్పై ఏండ్ల కింద ఈ గుట్ట గిట్లనే మొత్తం కాలింది. ఎవరి పనో ఎవరికీ తెల్వలేదు. నేను డ్యూటీల చేరిన కొత్తల, నేను అడగకముందే ఆయనే వచ్చి చెప్పిండు."

"ఏమని?"

"అడవి కాలబెడితే బీడీలకు తునికాకు చిగురు మంచిగ వస్తదని, ఆనాడు నిప్పు పెట్టింది తనే అని."