అభ్యంతరం లేదు

"ఈ ప్రసూతి కేంద్రాన్ని వచ్చే నెల ఒకటి నుంచి మూసేస్తున్నామని వీళ్లకు చెప్పండి," అంది కొత్త డైరెక్టరు.

దుబాసీ ఎదురుగా వరసల్లో కూర్చున్న ఆడవాళ్లను చూసింది. ఆ విదేశీ సేవాసంస్థలో పన్నెండేళ్లుగా ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేయడమే ఆమె ఉద్యోగం. పాత డైరెక్టరు ఉన్నన్నాళ్లూ ఈ కేంద్రాల జోలికి ఎవరూ రాలేదు. ఆయన దిగిపోయి మూడు వారాలే అయింది. కొత్తావిడకు ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఆవిడ భాష ఇక్కడ దుబాసీకి తప్ప మరొకరికి తెలియదు.

నిన్న రెండు ఊళ్లు తిరిగారు. రెండు చోట్లా దుబాసీ ఇదే కబురు చెప్పింది. ఆడవాళ్లు తలలు వంచుకుని విన్నారే గాని, ఒక్కరూ నోరు మెదపలేదు. "అభ్యంతరం లేదు" అని తన పుస్తకంలో రాసుకుంది డైరెక్టరు.

మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే కాన్పు కష్టమైనవాళ్లకు ఏటి అవతలి ఆస్పత్రే గతి. ఆ ఏటి మీద వంతెన లేదు.

దుబాసీ ఆడవాళ్ల వైపు తిరిగి నాలుగు మాటలు చెప్పింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ జీపు డ్రైవరు కూడా చెవి ఇటే పడేశాడు. ముందు వరసలోని ముసలామె లేచి వచ్చి, డైరెక్టరు చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఆమె మొహంలోకి దిగులుగా చూస్తూ చాలాసేపు ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

దుబాసీ డైరెక్టరు వైపు తిరిగింది.

"చిన్న కూతురి గురించి, మేడమ్. అప్పటికి ఈ కేంద్రం లేదు. నొప్పులు మొదలైతే బండి కట్టి ఏటి దాకా తీసుకెళ్లారు. పడవ అవతలి ఒడ్డున ఉంది. అది ఇటు వచ్చేలోపు తల్లీ పోయింది, బిడ్డా పోయింది."

ముసలామె డైరెక్టరు చెయ్యి వదల్లేదు. మళ్లీ ఏదో అంది.

"ఇప్పుడు కోడలికి నెలలు నిండాయట. మీ కాళ్లు పట్టుకుంటానంటోంది, మేడమ్."

"మీరెందుకు ఏడుస్తున్నారు?"

"ఇలాంటివి ఇంకో భాషలో చెప్పడం కష్టం మేడమ్."

డైరెక్టరు ముసలామె చేతుల్లోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. తర్వాత పుస్తకం తెరిచి ఒక పేజీ అడ్డంగా కొట్టేసింది.

"దీన్ని మూయడం లేదు. పైవాళ్లకు నేను సమాధానం చెప్పుకుంటాను. పదండి."

జీపు ఊరు దాటింది. వెనక సీట్లో డైరెక్టరు కళ్లు మూసుకుని కూర్చుంది. ముందు సీట్లో దుబాసీ కళ్లు తుడుచుకుంది.

డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు: "అవునక్కా, మేడమ్ పొద్దున్నుంచీ ఏమీ తినలేదని నువ్వు చెప్పగానే, మా ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని వెళ్లు తల్లీ అని ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని అంతలా బతిమాలితే, మేడమ్ ఎందుకు కాదంది?"