కర్ణభేరికి మాసిక

"చిరిగిన తోలుకి మాసిక వేస్తే మోగదు డాక్టరమ్మా! మోగదంటే మోగదు!" అంటూ డోళ్ల మేస్త్రి ఆపరేషన్ బల్ల మీద లేచి కూర్చున్నాడు.

చేతిలో సిరంజి పట్టుకున్న డాక్టరమ్మ ఆగిపోయింది. నర్సు నోరెళ్ళబెట్టింది. తలుపు అద్దంలోంచి చూస్తున్న కూతురు మాత్రం ఆగలేకపోయింది. తలుపు సందులోంచి తల దూర్చి, "నాన్నా, పడుకో! నిన్నంతా సరే సరే అని, ఇప్పుడీ పేచీ ఏంటి?" అని కేకేసింది.

"నువ్వుండవే! ఇది పనివాళ్ళ మధ్య మాట," అని కూతుర్ని కసిరి, మేస్త్రి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "కర్ణభేరి అన్నారు కదా, భేరి అంటే నా పనేనండీ. నలభై ఏళ్ళుగా డోళ్లకి తోలు బిగిస్తున్నాను. చిరుగు పడిందంటే మొత్తం తోలు మారుస్తాను గానీ అతుకు వెయ్యను. అతుకేస్తే డోలు గొంతు బొంగురు పోతుంది. మీరేమో నా చెవిలో అతుకంటున్నారు!"

అతని గోల అతనిది. ఎడమ చెవి సుత్తి మోతకి ఎప్పుడో సగం మొద్దుబారింది. మాటలకి పనికొస్తుంది గానీ శ్రుతికి పనికిరాదు. శ్రుతి చూసేదంతా కుడి చెవితోనే. ఆ కుడి చెవికి చీము పట్టి, అది ఆరేసరికి కర్ణభేరికి కందిగింజంత చిల్లు మిగిలింది. పోయిన నెల అతను బిగించిన డోలు, శ్రుతి కుదరలేదని తిరిగొచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి. ఆ రోజు సిగ్గుతో అన్నం ముట్టలేదు. ఈ చెవి బాగవకపోతే కొట్టు మూసెయ్యడమేనని కూతురితో తేల్చి చెప్పేశాడు.

"మీరు బిగించేది చచ్చిన తోలు," అంది డాక్టరమ్మ తాపీగా. "అది అతుకుని కలుపుకోదు. నేను వేసేది మీ చెవి వెనక కండ మీదుండే పల్చటి పొర. ఆ ఆసరా ఇస్తే చాలు, కర్ణభేరి దాని మీదుగా పెరిగి తనే పూడుకుంటుంది. మీ డోలు అలా పెరుగుతుందా?"

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు.

"అతుకు పైనుంచా, కిందనుంచా?"

"కిందనుంచి."

"అయితే కానివ్వండి." అనుమతి ఇచ్చినవాడిలా దర్జాగా వెనక్కి వాలాడు. "భయపడి అడిగాననుకోకండి. భయం మా ఇంటా వంటా లేదు. పని తెలిసినవాడికి అనుమానాలుంటాయి, అంతే."

"అబ్బే, నేనలా ఎందుకనుకుంటాను!" అంది డాక్టరమ్మ.

ఆవిడా తక్కువ తినలేదు. చెవి చుట్టూ మాత్రమే మత్తు సూదులిచ్చి, "నోరు ఆడినా ఫరవాలేదు, తల ఆడకూడదు," అంది. అతని ఎడమ చెవిలో దూది కుక్కి, ఆ పక్కకి ఒత్తిగిలించింది. "అతుకు కుదిరాక కుడి చెవిని నేను పరీక్ష చేస్తాను. ఈ చెవి దొంగసాక్ష్యం చెప్పకుండా మూసేస్తున్నా!" అని అరిచి చెప్పింది.

పని మొదలైంది. పెద్ద భూతద్దాల యంత్రంలో కళ్ళు పెట్టి ఆవిడ సూదంత పనిముట్లతో పని చేస్తోంది. కింద మేస్త్రి ఊరుకుంటేనా!

"పొర ఆరిందా? తడి తోలు బిగించకూడదు!"

"ఆరబెట్టాను!"

"చిల్లు అంచులు గీకారా? ముదిరిన అంచుకి ఏదీ పట్టదు!"

"గీకాను!"

"శభాష్! మా కొట్లో ఉండాల్సినవారండీ మీరు!"

గంటంపావు గడిచింది. డాక్టరమ్మ చేతులు పక్కకి తీసింది. "అతుకు కుదిరింది. ఇప్పుడు కదలకుండా వినండి," అంది. అరవలేదు. పక్కనున్న నర్సుతో గుసగుసలాడినట్టు అంది.

ఆ గుసగుస మేస్త్రికి వినిపించింది!

కళ్ళు మూసుకుని చెవి ఒగ్గాడు. ఏసీ హోరు. పళ్ళెంలో కత్తెర పెట్టిన చప్పుడు. ఎవరిదో చెప్పు నేలకి రాసుకున్న చప్పుడు. ఒక్కొక్కటీ దేనికది విడివిడిగా, అచ్చంగా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక కొట్టు కొట్టే, మేస్త్రి మేస్త్రే. ఆ సంతోషంలో ఇంకాస్త విన్నాడు. విని, మొహం చిట్లించాడు.

"డాక్టరమ్మా, అన్నీ బాగానే వినపడుతున్నాయి గానీ, పక్క గదిలో ఎవరండీ ఆ వాయించేది?"

"ఏం, బాగోలేదా?"

"టిక్కు టిక్కుమని ఏదో దరువు. చేతికి నిలకడే లేదు. ఒకసారి నిదానం, ఒకసారి ఉరుకు. అదిగో, మళ్ళీ పరిగెత్తిస్తున్నాడు! ఎవడో గానీ లోపల వణికి చస్తున్నాడండీ. వాయించడం తర్వాత, ముందు వాడికి ఎవరైనా కాస్త ధైర్యం చెప్పండి!"

నర్సు మొహం అటు తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. డాక్టరమ్మ తల దగ్గరున్న మిషన్‌ని నెమ్మదిగా జరిపి, మేస్త్రి కళ్ళకి ఎదురుగా పెట్టింది. దాని తెర మీద ఒక ఆకుపచ్చ గీత టిక్కు టిక్కుమంటూ ఎగిరెగిరి పడుతోంది.

"పక్క గది ఖాళీ మేస్త్రిగారూ," అంది. "ఆ వణుకుతున్నది మీ గుండె."