పియో గారి దిండు

“లేచి నిలబడు. కట్టి చూపిస్తాను,” అంది అత్తగారు చోమ్‌రే.

హేరిమ్ లేవలేదు. నేల మీద, బేరిపళ్ళ పళ్లెం పక్కన, అత్తగారు విప్పిన గులాబీరంగు మూటలో ఒక దిండు ఉంది. అర్ధచంద్రాకారంలో కుట్టి, వెనక ముడి వేసుకోడానికి నాలుగు పట్టీలు పెట్టారు. కడుపు దిండు. పిల్లలు లేని ఆడది దాన్ని బట్టల కింద కట్టుకుని, నెలనెలా కాస్త దూది ఎక్కిస్తూ అందరి ముందూ తిరుగుతుంది. నెలలు నిండాయనిపించాక పుట్టింటికి వెళ్ళి, ఎవరికో పుట్టిన బిడ్డని కన్నబిడ్డగా ఎత్తుకొస్తుంది. కొరియాలోని ఈ తేగూ నగరంలో ఈ నాటకం కొత్తదేమీ కాదు.

హేరిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. అత్తగారు చర్చిలో క్వొన్సా, అంటే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు. ముప్ఫై ఏళ్ళుగా వేకువ ప్రార్థన మానింది లేదు. మనమందరం దేవుడు దత్తత తీసుకున్న బిడ్డలమేనని మొన్న పాస్టరుగారు ప్రసంగించినప్పుడు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్న గొంతు ఈవిడదే. దేవుడు దత్తత తీసుకుంటే ఆమెన్, కోడలు తీసుకుంటే దిండు.

“అత్తయ్యా, పాపని చూసొచ్చాం. కోర్టు కాగితం కూడా వచ్చేసింది. గురువారం ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఆదివారం సంఘం ముందు నిలబడి మా కూతురని చెబుతాం.”

“వద్దని ఫోన్ చేసి చెప్పండి. ఎనిమిది నెలల పిల్లని చంకనేసుకొస్తే ఎవరు నమ్ముతారు? ఆరు నెలలు ఇది కట్టుకో. అప్పుడే పుట్టిన మగపిల్లాణ్ణి చూద్దాం.”

“ఎవర్నో నమ్మించాల్సిన పనేముంది?”

“ఉంది. ఎవరు కని పారేశారో తెలియని పిల్ల. రక్తం ఎక్కడికి పోతుంది? మా తేసక్‌ని చూడు. ఏడేళ్ళకే సంఘం ముందు నిలబడి కీర్తనంతా అప్పజెప్పాడు. అచ్చం వాళ్ళ తాతే. రక్తం అంటే అదీ.”

తేసక్ తలెత్తలేదు. బేరిపండు చెక్కు తీస్తూ కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో అతను తల్లి మాటకి ఎదురు చెప్పగా హేరిమ్ చూడలేదు. ఇవాళా అంతే అయితే గురువారం ఆ పాప అనాథాశ్రమంలోనే ఉండిపోతుంది. మొన్న వచ్చేటప్పుడు తన వేలు పట్టుకుని ఎంతకీ వదలని పాప. అది గుర్తొచ్చి హేరిమ్‌కి మొగుడి మీద కూడా అసహ్యం వేసింది.

“ఇదెక్కడిది మీకు?”

“మన సంఘంలోనే పియో గారని ఒకావిడ ఉండేది. ఆవిడ కట్టుకున్నది. ఊరు వదిలి పోతూ పారేస్తుంటే నేను దాచాను.”

“నేనెప్పుడూ వినలేదే ఆ పేరు.”

“నువ్వు ఈ ఇంటికి రాకముందు మాట.”

పట్టీలు మెత్తబడి వెలిసిపోయాయి. ఒకటి తెగిన చోట సన్నటి కుట్లు వేసి అతికారు. ఇంకొకరి అబద్ధాన్ని కలరా ఉండలు వేసి మరీ దాచిన మనిషిని ఏమనాలో హేరిమ్‌కి తోచలేదు.

“ఐదో నెలలో పట్టీ కిందికి దించాలి,” అత్తగారు చెప్పుకుపోతోంది. “పాటకి లేచినప్పుడు చెయ్యి నడుం మీద పెట్టుకుని లేవాలి. ఎండాకాలం ఒరుసుకుని దద్దుర్లు లేస్తాయి, పౌడరు అద్దుకో. ఆడవాళ్ళంతా కలిసి చేసే వేడినీళ్ళ స్నానాలకి ఎవరు పిలిచినా వెళ్ళకు. బిడ్డ వచ్చాక మూడు వారాలు సముద్రపు నాచు పులుసు కాచుకో. బాలింతరాలు ఉన్న ఇల్లని వాసన మెట్ల దాకా రావాలి.”

“పియో గారు చాలానే చెప్పినట్టున్నారు.”

“వెటకారం ఆపు. అన్నీ సరిగ్గా చేసి ఒక్కచోట దెబ్బతింది పాపం. రక్తం గ్రూపు చూసుకోలేదు. ఐదో తరగతిలో పిల్లలందరికీ వేళ్ళు గుచ్చి చూశారు. అమ్మానాన్నల గ్రూపులు కూడా రాసుకు రమ్మన్నారు. ఆ ఇద్దరికీ ఆ పిల్లాడి గ్రూపున్న బిడ్డ పుట్టనే పుట్టడు. అందుకే చెబుతున్నా, ముందు గ్రూపు కలవాలి.”

“మరి ఆ అబ్బాయి అడిగాడా?”

“లేదు.” చోమ్‌రే గొంతు తగ్గింది. “ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని ఆవిడకి ఏడాది పాటు ముద్ద దిగలేదు. అడగలేదు. వాడికి తెలియనే లేదు. దేవుడు కాపాడాడు.”

“అబద్ధాలు కాపాడటం దేవుడి పనా అత్తయ్యా? ప్రార్థనలో మోకాళ్ళ కింద వేసుకునే దిండూ, కడుపు మీద కట్టుకునే దిండూ మీకు ఒకటేనా? మీ పియో గారంటే నాకు అసహ్యం. ఆ పిల్లాణ్ణి ఆవిడ కొడుకుని చేసుకోలేదు, మొహం దాచుకునే ముసుగు చేసుకుంది.”

చోమ్‌రే మొహం పాలిపోయింది. దిండు పట్టీని వేలికి బిగించి చుట్టుకుంది. బాగా తగిలిందిలే అని హేరిమ్‌కి లోపల సంతోషంగానే ఉంది.

“విన్నావా తేసక్, నీ పెళ్ళాం మాటలు?” అంది కొడుకు వైపు తిరిగి. “నువ్వు చెప్పు. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?”

తేసక్ కత్తి పళ్లెంలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తల్లి వేలికున్న పట్టీని మెల్లగా విప్పి, దిండుని మళ్ళీ మూట కట్టాడు.

“పాప గురువారం వస్తోందమ్మా. ఆదివారం నువ్వే ఎత్తుకుని సంఘానికి చూపించు.”

“రేపు అది పెద్దదై, బళ్ళో తెలిసి, ఇంటికొచ్చి నిలదీస్తే?”

“నిలదీయదు,” అంటూ తేసక్ బేరిపండు ముక్క తల్లి చేతిలో పెట్టాడు.

“నాకు ఆ వేలు గుచ్చిన రోజే తెలిసిందమ్మా, నిన్ను అడగలేదంతే.”