తీసేసిన మాట

“వెతికే మాటల్లోంచి ‘కిడ్నీ’ తీసెయ్యమ్మా. ఈ మందుని తిట్టే రీసెర్చి పేపర్లన్నీ దాంతోనే వస్తున్నాయి,” అన్నాడు ప్రొఫెసర్.

రీసెర్చి విద్యార్థిని మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. “తియ్యను సార్. ఈ పేపర్ల మీద మన సమీక్ష చదివే డాక్టర్లు రోగులకి ఈ మందు రాస్తారు.”

“నీ థీసిస్ మీద సంతకం పెట్టేది నేనే, గుర్తుందా?”

“పెట్టకండి సార్. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ డిగ్రీ లేదు. ఇకముందు లేకపోయినా కొంపలేం మునగవు.”

“మొండిఘటానివే!” ఆయనే ఆ మాట చెరిపేసి మళ్ళీ వెతికాడు. జాబితా సగానికి తగ్గింది. పైనుంచి కిందిదాకా చూశాడు.

“నా పేపరేదీ?”

“అదీ పోయింది సార్. ఈ మందుతో కిడ్నీలు దెబ్బతింటున్నాయని మొట్టమొదట రాసింది మీరేగా, నా వయసులో.”

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ, ‘కిడ్నీ’ అని మళ్ళీ టైపు చేశాడు.