ప్రొడ్యూసర్ రాని సినిమా

"సార్, సార్! షూటింగు సార్ ఇది! కాలరు వదలండి, కాస్ట్యూమ్ చిరిగిపోతుంది!"

ముసలాయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ పట్టు వదల్లేదు. నగల దుకాణం లోపలి గదిలో ఇనప్పెట్టె నోరు తెరుచుకుని ఉంది. అరల్లో ఒక్క ఉంగరం కూడా మిగల్లేదు.

"షూటింగా? కెమెరా ఏదిరా?"

"ఇందాకటిదాకా ఇక్కడే ఉంది సార్. పెట్టె తెరుచుకోగానే డైరెక్టర్ చప్పట్లు కొట్టి, నగలన్నీ సర్దించాడు. బ్యాటరీ మార్చుకొస్తాం, కదలకుండా కూర్చోమన్నాడు. కిందే ఉంటారు."

"కింద పిల్లి కూడా లేదు."

"అయినా అవి గిల్టు నగలే కదా సార్! వాళ్ళే తెచ్చి పెట్టారట."

"గిల్టా? యజమాని బయట మెట్ల మీద గుండె బాదుకుంటున్నాడు, వెళ్ళి ఆయనకి చెప్పు. సెలవు రోజున షట్టరు సగం లేచి ఉందని పక్కకొట్టువాడు ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది."

ముసలాయన వెనక్కి తిరిగి ఖాళీ అరల వైపు చూశాడు.

అరగంటలో స్టేషన్‌కి తీసుకొచ్చారు. అక్కడి పాత రికార్డుల్లో అతని పేరు 'చెవి'. డయల్‌కి చెవి ఆనించి ఎంత మొండి పెట్టెనైనా లొంగదీసేవాడు.

"ఊఁ, ఏంటోయ్ సినిమా కథ?"

"జైలు నుంచి వచ్చి బుద్ధిగా బతుకుతున్న పాతదొంగ ఆఖరిసారి ఒక పెట్టె తెరుస్తాడు సార్. నన్ను చూసే రాశామన్నారు."

కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. "అయితే హీరోవి నువ్వేనన్నమాట!"

"హీరో చేతులు మాత్రమేనండి. మొహం వేరే కుర్రాడిది, రేపు తీస్తామన్నారు. గ్లవ్స్ వేసుకుంటానంటే వద్దన్నారు. వేళ్ళు కనపడాలి, సీనుకి అదే ప్రాణం అన్నారు."

"కనపడ్డాయిలే. పెట్టె నిండా నీ వేలిముద్రలే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మరి అలారం వైర్లు ఎవరు విప్పారు? ఒక్కోదానికీ ఎంత పొందికగా టేపు చుట్టారో!"

"నేను వెళ్ళేసరికే అలా ఉన్నాయి సార్. పెట్టె తప్ప నాకింకేం రాదు."

"ప్రొడ్యూసర్ ఎవరు?"

"ఒక్కరోజూ రాలేదు సార్. లో బడ్జెట్ కదా, ఆయన రావడం కూడా ఖర్చేనన్నారు. నేను గళ్ళచొక్కా వేసుకెళితే కెమెరాకి పనికిరాదని ఈ తెల్లచొక్కా తొడిగారు. కాస్ట్యూమ్ కొనలేక ప్రొడ్యూసర్ తన పాతచొక్కా ఇచ్చి పంపాడట."

"పాపం, ఎంత త్యాగమో!" అంటూ ఇన్‌స్పెక్టర్ కాగితం ముందుకు లాక్కున్నాడు.

అప్పుడే కూతురు వచ్చింది, వెనకే అల్లుడు. కూర్చోమన్నా కూతురు కూర్చోలేదు.

"మళ్ళీనా నాన్నా?"

"లేదమ్మా, నీమీద ఒట్టు..."

"నామీద వెయ్యకు. క్రితంసారి కూడా నామీదే వేశావు."

"ఈసారి నిజంగా సినిమానే తల్లీ!"

"నీ అల్లుడు రెండేళ్ళు బతిమాలితే నిన్ను గడప తొక్కనిచ్చాను. ఇవాళ్టితో సరి. తాతయ్య ఏడని పాప అడిగితే చచ్చిపోయాడని చెప్పుకుంటాను."

పదకొండేళ్ళు జైల్లో తిన్న దెబ్బల్లో ఒక్కటీ ఇంత లోతుకి దిగలేదు. ముసలాయన తల వాల్చేశాడు.

అల్లుడు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఎలక్ట్రీషియన్ పని మధ్యలో వదిలి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, జేబులో టెస్టరు అలాగే ఉంది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"జరిగిందేదో జరిగిపోయింది మామయ్యా. ఒప్పేసుకోండి, శిక్షైనా తగ్గుతుంది. లాయర్ సంగతి నేను చూసుకుంటాను." సంచిలోంచి ఉతికిన చొక్కా ఒకటి తీశాడు. "ముందు ఆ చొక్కా విప్పి నాకిచ్చేయండి. చెమటకి తడిసి ముద్దయింది. దీంతోనే కోర్టుకి వెళతారా?"

ముసలాయనకి కళ్ళు చెమర్చాయి. కడుపున పుట్టింది కాదు పొమ్మంటే, ఎక్కడో పుట్టినవాడు చొక్కా తెచ్చాడు.

గుండీ మీద వేళ్ళు ఆగడం లేదు, ఒకటే వణుకు. ఎన్నో పెట్టెలు తెరిచిన వేళ్ళు చొక్కా గుండీ తీయలేకపోతున్నాయి. కూతురు చూసి చూసి, విసుక్కుంటూ ముందుకొచ్చింది.

"నువ్వుండు, నేను తీస్తాను," అన్నాడు అల్లుడు, గబుక్కున లేచి.

అప్పటికే ఆమె చెయ్యి కాలరు మీద ఉంది. ఇన్‌స్పెక్టర్ లాగిన లాగుడికి పైగుండీ వేలాడుతోంది. తెల్లచొక్కాకి ఆకుపచ్చ దారం. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాలరు తిరగేసి వెనక కుట్టు చూసింది, ముడి చూసింది.

"ఈ చొక్కా ఎక్కడిది నాన్నా?"

"కాస్ట్యూమ్ అమ్మా. ప్రొడ్యూసర్ తనదే పంపాడట."

ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "మొన్న ఇస్త్రీబండివాడు పోగొట్టాడన్నావు, వాడితో పోట్లాడి కూడా వచ్చాను," అంది. అల్లుడు గుమ్మం వైపు చూస్తున్నాడు. గుమ్మంలో కానిస్టేబుల్ ఉన్నాడు.

"ఇంట్లో గొడవలు తర్వాత అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ నాన్న చెప్పే ఆ ప్రొడ్యూసరెవరో తెలుసా నీకు?"

"రాసుకోండి సార్," అంది ఆమె. "పాప గౌను దారంతో ఈ గుండీ కుట్టింది నేను. కుట్టించుకున్నది మా ఆయన."